కొత్త మిల్లు గోడ లేవకముందే అడగవలసిన ప్రశ్నలు
(టెంఘర్ మరమగ్గాల కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ కంపెనీ ఒకటి పరాయి దేశంలో కొత్త మిల్లు పెట్టేటప్పుడు అందులో ఏ కంప్యూటర్ సిస్టమ్ పెట్టాలో ఎలా నిర్ణయిస్తుంది, ఆ నిర్ణయంతో కార్మికుడికి ఏమి సంబంధం అన్న విషయం మీద మాట్లాడమని నన్ను అడిగారు. మీలో కొందరికి ఇది ఆఫీసు బాబుల గొడవ అనిపించవచ్చు. సాంచా నడిపేవాడికి కంప్యూటర్‌తో ఏమి పని అనిపించవచ్చు. కానీ రేపు మన పగార్ ఎంతో, తప్పు ఎవరిదో, ఎవరు పనిలో ఉండాలో, ఎవరు పోవాలో ఆ సిస్టమ్‌లో రాసిన లెక్కే చెబుతుంది. అందుకని ఈ విషయాన్ని కొంచెం ఓపికగా విందాం.

ముందుగా ఇది మన ఇంటి విషయం ఎట్లా అయిందో చెబుతాను. 2017 అక్టోబరు 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. సూరత్‌కు, భీవండికి, షోలాపూర్‌కు వలసపోయిన నేత కార్మికులు తిరిగి సొంత జిల్లాకు రావాలని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు చెప్పిన మాట పద్మానగర్‌లోనూ, ఇక్కడ టెంఘర్‌లోనూ ఇంటింటా చర్చకు వచ్చింది. 2023లో కేంద్ర ప్రభుత్వం ఆ పార్కును పి.ఎం. మిత్ర పథకంలోకి తీసుకుంది. అదే సంవత్సరం జూన్ 17న దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ కంపెనీ ఫ్యాక్టరీలకు అక్కడ శంకుస్థాపన జరిగింది. బంగ్లాదేశ్‌లోనూ వియత్నాంలోనూ పెద్ద ఫ్యాక్టరీలు నడుపుతున్న కంపెనీ అది. అంతకు ముందే అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో శ్రీలంక వారి బ్రాండిక్స్ దుస్తుల నగరం వచ్చింది. మన అన్నదమ్ముల పిల్లలు, చెల్లెళ్ళ పిల్లలు రేపు పనిచేయబోయేది ఇటువంటి చోట్లనే. అక్కడి సంగతి మనకెందుకు అనుకోవడానికి వీలు లేదు.

సిస్టమ్ అంటే ఏమిటి?

పేరు పెద్దది గానీ విషయం మనకు తెలిసినదే. మన కార్ఖానాలో మెహతా ఒక వహీ పెట్టుకుంటాడు. ఎవరు ఏ పాళీలో వచ్చారు, ఎన్ని తాకాలు దిగాయి, ఎంత దామేజీ కోత, ఎంత బాకీ, అంతా అందులోనే. నూలు ఎంత వచ్చింది, బట్ట ఎంత పోయింది అన్నది సేఠ్ దగ్గర ఇంకొక వహీలో ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీలో ఈ వహీలు అన్నీ కలిపి ఒకే కంప్యూటర్ ఖాతాగా చేస్తారు. నూలు కొనుగోలు, గోదాము, యంత్రాల మీద ఉత్పత్తి, హాజరీ, జీతం, సరుకు రవాణా, పన్ను అంతా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. దీనినే ఇ.ఆర్.పి. అంటారు. 1972లో జర్మనీలో పుట్టిన శాప్ కంపెనీది ఇందులో అన్నిటికంటే పేరున్న సాఫ్ట్‌వేర్. హైదరాబాదు అమీర్‌పేటలో మన పిల్లలు ఫీజులు కట్టి నేర్చుకునే శాప్ కోర్సు అదే. ఒకే ఇంట్లో ఒక కొడుకు సాంచా మీద ఉంటాడు, ఇంకొక కొడుకు అమీర్‌పేటలో శాప్ నేర్చుకుంటాడు. ఒకరి పనిని ఇంకొకరు లెక్కగడతారు.

కంపెనీ ఎట్లా ఎంచుకుంటుంది?

కొత్త దేశంలో ఫ్యాక్టరీ పెట్టే కంపెనీ ముందు మూడు దారులు ఉంటాయి. మొదటిది, హెడ్డాఫీసులో నడుస్తున్న సిస్టమ్‌నే ఉన్నది ఉన్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టడం. దీనివల్ల అక్కడి మేనేజరు తన బల్ల దగ్గర కూర్చుని ఇక్కడి ప్రతి యంత్రం లెక్కా చూడగలడు. రెండవది, హెడ్డాఫీసులో పెద్ద సిస్టమ్, ఇక్కడ చిన్న సిస్టమ్ పెట్టి, నెలకో వారానికో లెక్కలు పైకి పంపడం. మూడవది, ఈ దేశపు చట్టాలు, పన్నులు, భాషలు తెలిసిన స్థానిక సాఫ్ట్‌వేర్ కొనడం. జి.ఎస్.టి., ప్రావిడెంట్ ఫండ్, ఇ.ఎస్.ఐ. లెక్కలు తప్పకుండా కావాలి గనుక మూడవది కొంతవరకు ఎవరికైనా అవసరమే.

ఒక ఉదాహరణ చెబుతాను. స్వీడన్‌లో ఇంటెన్షియా అనే కంపెనీ మొవెక్స్ అనే సాఫ్ట్‌వేర్ చేసింది. 2006లో అది అమెరికా కంపెనీ లాసన్‌లో కలిసింది. 2011లో లాసన్‌ను ఇన్‌ఫోర్ కొన్నది. ఇప్పుడు దాని పేరు ఎం3. బ్రాండిక్స్ సంస్థలో పుట్టిన కంప్యూటర్ విభాగం, ఇప్పుడు ఫోర్ట్యూడ్ పేరుతో ఉన్నది, ఈ ఎం3ను దుస్తుల కంపెనీల్లో అమర్చడంలో పేరు తెచ్చుకుంది. స్వీడన్‌లో పుట్టి, అమెరికా చేతికి వెళ్ళి, లంక చేతుల మీదుగా దుస్తుల ఫ్యాక్టరీలకు చేరిన లెక్కల పుస్తకం అన్నమాట. ఇన్ని దేశాలు తిరిగిన పుస్తకంలో మనవాళ్ళు ఒక్క గీత కూడా గీయలేదు.

పెద్దవాళ్ళు ఎంచుకున్నారు గనుక అది సరిగ్గానే ఉంటుందని భ్రమపడకండి. నైకీ బూట్ల కంపెనీ 2000లో గిరాకీ అంచనా వేసే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టింది. అమ్ముడుపోని బూట్లు ఎక్కువగా, అడిగే బూట్లు తక్కువగా తయారయ్యాయి. దాదాపు 10 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయని 2001లో కంపెనీయే చెప్పుకుంది. జర్మనీ దుకాణాల సంస్థ లిడిల్ ఏడేళ్ళు పనిచేసి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చుపెట్టి, 2018లో తన కొత్త సిస్టమ్‌ను వదిలేసింది. సరుకు విలువను కొన్న ధరలో లెక్కించడం లిడిల్ అలవాటు. సాఫ్ట్‌వేర్ అమ్మకం ధరలో లెక్కించేది. రెండూ పొసగలేదు. కంపెనీ ధనవంతురాలు గనుక నా అలవాటు మార్చుకోను అని కూర్చోగలిగింది. కార్మికుడి అలవాటుకూ సిస్టమ్‌కూ పొసగకపోతే ఎవరు మారాలి? ఆ ప్రశ్నను ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగరు. ఎందుకంటే ఎంచుకునే గదిలో అకౌంట్సువారు ఉంటారు, ఇంజనీర్లు ఉంటారు, సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఉంటారు. యంత్రం ముందు నిలబడేవాడు ఉండడు. అసలు అప్పటికి అతనిని పనిలోకే తీసుకోలేదు.

మనకు తగిలే మూడు చోట్లు

మొదటిది, మగ్గం ఆగిన కారణం. కొత్త రేపియర్ మగ్గాలు ఎన్ని పిక్కులు నేశాయో, ఎన్నిసార్లు ఆగాయో తామే లెక్క రాసుకుంటాయి. పడుగు తెగితే, పేక తెగితే యంత్రానికి తెలుస్తుంది. మిగిలిన కారణాలకు నంబర్లు పెట్టి, కార్మికుడినో జాబర్‌నో మీట నొక్కమంటారు. ఆ నంబర్ల జాబితాను హెడ్డాఫీసులో రాస్తారు. కరెంటు పోని దేశంలో కూర్చుని రాసిన జాబితాలో కరెంటు పోయినందుకు నంబరు ఉండకపోవచ్చు. నూలు నాసిరకం, భీము ఆలస్యం, జాబర్ రాలేదు అన్నవాటికి నంబర్లు లేకపోతే ఏమవుతుంది? అవన్నీ ‘ఆపరేటర్’ అన్న ఒక్క గడిలో పడతాయి. లెక్క చూడండి. నిమిషానికి 400 పిక్కులు నేసే మగ్గం పదిహేను నిమిషాలు ఆగితే 6,000 పిక్కులు పోయినట్టు. అంగుళానికి 60 పిక్కుల బట్ట అయితే అది రెండున్నర మీటర్లు. ఎనిమిది మగ్గాలు చూసేవాడికి ఇరవై మీటర్లు. ఆ ఇరవై మీటర్లు కరెంటు ఖాతాలో పడ్డాయా, మనిషి ఖాతాలో పడ్డాయా అన్నదే తేడా.

రెండవది, టార్గెట్. దుస్తుల ఫ్యాక్టరీలో ఒక్కొక్క కుట్టుకు ఇన్ని నిమిషాలు అని ఒక అంకె ఉంటుంది. దానిని ‘శామ్’ అంటారు. పనిలో ఉన్న ఆడపిల్లలందరికీ ఆ మాట తెలుసు. ఒక పాళీ 480 నిమిషాలు. ఒక కుట్టుకు 0.60 నిమిషం అని రాస్తే నూటికి నూరు పని అంటే 800 ముక్కలు. అదే అంకెను 0.55 చేస్తే 872 ముక్కలు. మిషన్ మారలేదు, బట్ట మారలేదు, చేతులు మారలేదు. ఒక గడిలో అంకె మారింది, డెబ్భై రెండు ముక్కలు పెరిగాయి. పాత రోజుల్లో పనిభారం పెంచాలంటే మిల్లులో నోటీసు అంటించాలి, గేటు దగ్గర గొడవ అయ్యేది. ఇప్పుడు అంకె మార్చిన చప్పుడు ఎవరికీ వినపడదు.

మూడవది, హాజరీ. వేలిముద్రతో హాజరీ పెట్టే చోట ముద్ర పడకపోతే మనిషి రానట్టే లెక్క. నూలు లాగి లాగి, అతుకులు వేసి వేసి వేళ్ళ గీతలు అరిగినవాళ్ళు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులు చూసుకుంటే తెలుస్తుంది. ముద్ర పడని రోజున హాజరీ దిద్దే అధికారం ఆ పాళీలో ఎవరికి ఉంది? సర్వర్ ఎక్కడో విదేశంలో ఉంటే, అక్కడ రాత్రి అయి ఉంటే, ఇక్కడి సూపర్‌వైజరు ‘నా చేతిలో లేదు’ అంటాడు. ‘నా చేతిలో లేదు’ అన్న మాట ఏ యజమాని మాటకన్నా ఎక్కువ కష్టం, ఎందుకంటే వాదించడానికి ఎదురుగా మనిషి ఉండడు.

కంప్యూటర్ చెప్పింది గనుక నిజం అనే ప్రమాదం

ఇదంతా ఊహ కాదు. బ్రిటన్ పోస్టాఫీసు 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ పెట్టింది. జపాన్ కంపెనీ ఫుజిత్సు చేతిలో ఉన్న సంస్థ దానిని చేసింది. ఆ సిస్టమ్‌లో లోపాలవల్ల చిన్న పోస్టాఫీసులు నడిపేవారి ఖాతాల్లో లేని లోటు కనిపించింది. వారు ‘మేము తీసుకోలేదు’ అన్నారు. ‘కంప్యూటర్ చెబుతోంది’ అన్నారు అధికారులు. తొమ్మిది వందల మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు పోయారు. కొందరు ఇళ్ళు అమ్ముకుని లేని లోటు కట్టారు. కొందరు నిర్దోషులని తేలకముందే చనిపోయారు. సిస్టమ్‌లోనే లోపాలున్నాయని 2019 డిసెంబరులో హైకోర్టు చెప్పింది. 2024లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి శిక్షలు రద్దుచేసింది. ఇరవై ఏళ్ళు పైన పట్టింది. చదువుకున్నవారు, సొంత భాషలో కోర్టుకు పోగలిగినవారు ఇంత పడితే, ఊరు విడిచి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడి గతి ఏమిటి?

యూనియన్లు చేసిన పని

అయితే కంప్యూటర్‌ను వద్దందామా? అది నా మాట కాదు. 1960లలో జీవిత బీమా ఉద్యోగులు కలకత్తాలో కంప్యూటర్ రాకుండా రేయింబవళ్ళు కాపలా కాశారు. వారి పట్టుదలకు గౌరవం ఉంది. కానీ యంత్రం చివరకు ఆగలేదు. బ్యాంకు ఉద్యోగులు ఇంకొక దారి పట్టారు. 1983 సెప్టెంబరులో యాజమాన్యాల సంఘంతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, ఏ యంత్రాలు ఏ మేరకు రావాలో, దానిపై పనిచేసేవారికి ఏమి అలవెన్సు ఇవ్వాలో తేల్చుకున్నారు.

నార్వేలో ఇంకా ముందుకు పోయారు. క్రిస్టెన్ నైగార్డ్ అని పెద్ద కంప్యూటర్ శాస్త్రవేత్త 1971 నుంచి అక్కడి ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశాడు. కార్మికులే తమ ఫ్యాక్టరీలోకి రాబోయే సిస్టమ్‌లను చదివి, ప్రశ్నలు తయారుచేశారు. 1975లో ఆ దేశపు కార్మిక సమాఖ్యకూ యాజమాన్యాల సంఘానికీ మధ్య జాతీయ ఒప్పందం కుదిరింది. సిస్టమ్ గురించి కార్మికులకు అర్థమయ్యే భాషలో ముందుగా చెప్పాలి, కార్మికుల తరఫున ఆ విషయం చూసే ప్రతినిధి ఉండాలి అన్నది దాని సారం.

జర్మనీలో 1972 నాటి చట్టం 87వ సెక్షన్ ప్రకారం, కార్మికుల ప్రవర్తననో పనితీరునో గమనించే ఏ సాంకేతిక పరికరమైనా పెట్టాలంటే కార్మిక మండలి ఒప్పుకోవాలి. కాబట్టి శాప్ పుట్టిన దేశంలో ఆ శాప్‌తో కార్మికుడి పని లెక్కించాలన్నా ముందు మాట్లాడుకుని సంతకం పెట్టుకోవాలి.

సోదరులారా, నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదే. కంపెనీ సముద్రం దాటి వచ్చేటప్పుడు తన సాఫ్ట్‌వేర్‌ను మడతపెట్టి తెచ్చుకుంటుంది. ఇంటి దగ్గర కార్మికులకు రాసిచ్చిన ఒప్పందాన్ని మాత్రం అక్కడే వదిలి వస్తుంది. మనం అడగవలసింది ఆ రెండవ కాగితం.

ఎప్పుడు అడగాలి?

నడుస్తున్న ఫ్యాక్టరీలో పని షరతులు మార్చాలంటే యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 9-ఏ సెక్షన్ చెప్పేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమలుకు వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ 40వ సెక్షన్ కింద ఆ నిబంధన ఉంది. కానీ కొత్త ఫ్యాక్టరీలో ఏముంది? కార్మికుడు గేటు దాటేసరికే అన్నీ అమర్చి ఉంటాయి. మారినది ఏదీ లేదు గనుక నోటీసు అన్న మాటే రాదు. అందుకే పాత మిల్లులో పనిచేసిన కత్తి కొత్త మిల్లులో మొద్దుబారుతుంది.

కాబట్టి అడగవలసిన సమయాలు రెండు. ఒకటి, ప్రభుత్వం కంపెనీకి భూమి, రాయితీలు ఇచ్చేటప్పుడు. ప్రజల భూమి ఇచ్చేవారికి షరతు పెట్టే హక్కు ఉంది. ఎంత మందికి ఉద్యోగాలు అని ఒప్పందంలో రాయించుకునే ప్రభుత్వం, ఆ ఉద్యోగుల లెక్కలు ఎట్లా రాస్తారో కూడా రాయించుకోవచ్చు. రెండు, స్టాండింగ్ ఆర్డర్లు తయారయ్యేటప్పుడు. 300 మంది, అంతకు మించి పనిచేసే చోట హాజరీ, ఆలస్యం, పాళీలు, తప్పిదాలు, శిక్షల నిబంధనలను యూనియన్లతో సంప్రదించి రాయాలి. కంప్యూటర్ కాగితానికి ఎంత విలువ ఇవ్వాలో అక్కడే రాయించుకోవాలి.

ఏమి అడగాలి?

ఒకటి. మగ్గం, మిషన్ ఆగే కారణాల జాబితాను పనిచేసేవారితో కూర్చుని తయారుచేయాలి. అది తెలుగులో, హిందీలో, పనివాళ్ళకు వచ్చే భాషల్లో ఉండాలి. కరెంటు, నూలు, భీము, జాబర్ ఆలస్యం వేటికవి విడిగా ఉండాలి.

రెండు. టార్గెట్ అంకె ఎట్లా కట్టారో కాగితం మీద గోడకు అంటించాలి. కార్మికుల ప్రతినిధి ఎదుట మళ్ళీ కొలవకుండా దానిని మార్చకూడదు.

మూడు. పాళీ దిగేటప్పుడు ప్రతి కార్మికుడికి తన లెక్క చీటీ చేతికి రావాలి. తప్పు ఉంటే దిద్దే అధికారం ఉన్న మనిషి అదే పాళీలో, అదే ఫ్యాక్టరీలో ఉండాలి. దిద్దిన ప్రతి అంకె పక్కన ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో నమోదు కావాలి. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఈ సౌకర్యం ఉంటుంది. పెట్టేటప్పుడే దానిని తెరిచి ఉంచమని అడగాలి.

నాలుగు. కొత్త సిస్టమ్ పెట్టిన మొదటి నెలల్లో చేతిరాత లెక్క కూడా పక్కనే నడవాలి. అకౌంట్సువారు తమ డబ్బు విషయంలో రెండు ఖాతాలూ కలిపి నడిపి సరిచూసుకుంటారు. మన చెమట విషయంలోనూ ఆ జాగ్రత్త కావాలి. కంప్యూటర్ కాగితం ఒక్కదాని మీదే ఎవరినీ శిక్షించకూడదు.

అయిదు. స్వదేశంలో కార్మికులతో కంప్యూటర్ గురించి ఏ ఒప్పందం ఉందో కంపెనీ ఇక్కడ చెప్పాలి. ఇక్కడి కార్మికుల్లో ఇద్దరికి ఆ సిస్టమ్ చదవడం కంపెనీ ఖర్చుతో నేర్పాలి. అమీర్‌పేటలో నేర్చుకున్న మన పిల్లలను యూనియన్ పనికి పిలుద్దాం. వారికి ఆ అక్షరాలు తెలుసు, మనకు పని తెలుసు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. మెహతా వహీ మంచిది, కంప్యూటర్ చెడ్డది అని నేను అనడం లేదు. ఈ భీవండిలో పాతికేళ్ళు సాంచాలు నడిపి, ఎక్కడ పనిచేశావంటే చూపడానికి ఒక్క చీటీ లేనివారు ఎందరో. ప్రావిడెంట్ ఫండ్ లేదు, జీతపు రసీదు లేదు, పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కంప్యూటర్‌లో పేరు ఎక్కడమే చాలామందికి మొదటి హక్కు అవుతుంది. దానిని కాదనవద్దు. పేరు ఎక్కనివ్వండి, కానీ పేరు పక్కన ఏమి రాస్తున్నారో చూసే హక్కుతో సహా ఎక్కాలి.

ఊళ్ళో మనవాళ్ళు గీసుగొండ, సంగెం మండలాల్లో ఉన్నారు. పండుగకు పోయినప్పుడు ఈ అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసి తీసుకుపోండి. ఉద్యోగానికి పోయే పిల్లలకు చెప్పండి. అక్కడి యూనియన్లకు, ఓటు అడగడానికి వచ్చే నాయకులకు చెప్పండి. ఇక్కడ టెంఘర్‌లో రేపియర్ మగ్గాలు పెట్టే సేఠ్‌ను కూడా ఈ ప్రశ్నలే అడగండి. గోడ లేచాక తలుపు పెట్టడం కష్టం. పునాది దగ్గరే అడుగుదాం.